ఉత్తి కన్ను

రెండో స్కోపు బిగించి, ఈరన్న తుపాకీని మళ్ళీ ఇసుక సంచి మీద ఆనించాడు. లోయ అవతలి కొండచరియ ఒళ్ళోకి వచ్చినంత దగ్గరగా కనిపించింది. అద్దం మంచిదే, కానీ ఎండ తగ్గేకొద్దీ అంచులు మసకబారుతున్నాయి. తీసి పక్కన పెట్టాడు.

సరిహద్దు మంచెలన్నిటికీ ఏ స్కోపు బిగించాలో తేల్చే ఎంపికరి అతను. ఎంపికరి మాటకు మంచెలను నడిపే యంత్ర వ్యవస్థ ఎదురు చెప్పదు. కాకపోతే ఒక మెలిక పెట్టింది: ఎంచుకున్న దానితో, కంచె అవతల రోగం మోసుకు తిరిగే జ్వరపందిని ఒకదాన్ని కొట్టేదాకా ఈ ఉక్కు మంచె తలుపు తెరుచుకోదు. పొద్దున్నుంచీ ఈరన్న బోనులో ఎలుకలా పడి ఉన్నాడు.

"మూడోది చూడు ఈరన్నా," గోడలోంచి పర్యవేక్షకురాలు వైదేహి గొంతు. "తీర్పు స్కోపు. నువ్వు ఖాయం చేస్తే చాలు. వేడిని బట్టి పందిని అదే గుర్తుపడుతుంది, అదే పేలుస్తుంది."

"ఇంక నేనెందుకు మేడం, తుపాకీకి తోడా?"

"పొద్దు వాలితే వ్యవస్థే దాన్ని ఖాయం చేస్తుంది. త్వరగా కానియ్."

మూడోది బిగించాడు. బండల నడుమ బూడిదరంగు ముద్ద ఒకటి కదిలింది. దాని చుట్టూ పచ్చని వలయం పడి, కింద 'పంది' అని వెలిగింది. ఆ నడక చూస్తే ఈరన్నకు ఎందుకో మనసొప్పలేదు. మొదటి స్కోపు, మామూలు అద్దం, తీసి కంటికి పెట్టుకున్నాడు.

నిండా తడిపిన గొంగడి కప్పుకుని, తేనెపట్టు వైపు వంగి వంగి పోతున్న మనిషి. ఎడమకాలు ఈడుస్తున్నాడు. బామ్మర్ది గురవయ్య! కంచె దాటొద్దని ఎంత మొత్తుకున్నా వినని మొండిఘటం. తేనెటీగలు కుట్టకుండా గొంగడి తడపడం వాళ్ళ తాతలనాటి అలవాటు. ఆ తడి మనిషి ఒంటి వేడిని చాలావరకు దాచేసి, వంగిన ఆకారాన్ని స్కోపుకు పందిగా చూపించింది.

"మేడం, అది పంది గాదు! మా బామ్మర్ది!"

"కంచె అవతల మనుషులు ఉండరు ఈరన్నా. ఉండకూడదు."

"ఉన్నాడమ్మా! కళ్ళారా చూస్తా ఉండా! ఈ మామూలు అద్దమే ఖాయం చేస్తా."

"ఆ రెండూ పోల్చడానికి పెట్టినవి. ఖాయం చేసే మీటల పలక మీద లేవు."

నిజమే. పలక మీద ఉన్నవి రెండే మీటలు. ఒకటి తీర్పు స్కోపు. రెండోది 'స్కోపు లేదు'. తుపాకీ శుభ్రం చేసేటప్పుడు నొక్కడానికి పెట్టి, తర్వాత తీసెయ్యడం మరిచిపోయినది. స్కోపు ఎంత దూరం చూస్తే తుపాకీ అంత దూరమే పేలాలన్నది నియమం; స్కోపు లేకపోతే ఉత్తి కంటికి ఆనినంత దూరమే. అవతల సూర్యుడు కొండను తాకుతున్నాడు.

రెండోదే నొక్కాడు.

పచ్చని వలయం ఆరిపోయింది. కొండల పొడుగునా ఒక్కో మంచె మీది స్కోపు దీపమూ ఆరుతూ పోయింది. చరియ మీద గురవయ్య ఏమీ ఎరగకుండా పట్టుకు పొగపెడుతున్నాడు.

"ఏం చేశావ్!" వైదేహి గొంతు కీచుమంది. "ఉత్తి కన్నుతో లోయ అవతలికి కాల్చలేవు. కాల్చందే తలుపు తెరుచుకోదు. బయటికెట్లా వస్తావ్?"

ఈరన్న గోడకు చేరగిలి కూర్చున్నాడు.

"పందిని ఇక్కడిదాకా తోలుకురండి మేడం. కంటికి ఆనితే కొడతా."