గంజి తాగిన కారు

అలమేలు అరుగు మీద గంజి వడగడుతోంది. పాత చీర ముక్కను మెలిపెట్టి పిండుతుంటే చిక్కటిది గుడ్డలో నిలిచిపోయి, పల్చటి తేట ఇత్తడి చెంబులోకి దిగుతోంది. పక్కనే తాగే నీళ్ళ చెంబు. రెండూ ఒకే అంగట్లో కొన్నవి. కవలపిల్లల్లా ఉంటాయి.

ముందు వీధి పొడుగునా మగ్గానికి ఎక్కించే పడుగు నూలు సాచి ఉంది. తిరుత్తణి నేతగాళ్ళ వీధిలో పొద్దున పూట అంతే. గంజి పట్టిన నూలు ఎండేదాకా వీధి నూలుదే. సైకిళ్ళు సందుల్లోంచి తిరిగిపోవాలి. ఆవులకు కూడా ఆ సంగతి తెలుసు.

తెలియనిది ఒక్క కారుకే. పీమ్మని మోగింది.

"ఎవడ్రా అది, పడుగుకి హారన్ కొట్టేది? అది లేచి పక్కకి పోతుందా?" అలమేలు నాయన వేలాయుధం గంజి కుంచె ఎత్తి అరిచాడు.

కారులోంచి ఒక కుర్రవాడు దిగి చేతులు జోడించాడు. "చెయ్యి తగిలిందయ్యా. ఎండేదాకా ఇక్కడే ఉంటా."

"ఉండక ఏం చేస్తావు!"

తిరువళ్ళూరు జవుళి వ్యాపారి కారు అది; కుర్రవాడికి ఆయన ముదలాళి, యజమాని. ఆయన చీరలు చూడడానికి చివరింటికి నడిచి వెళ్ళిపోయాడు. డ్రైవరు మిగిలాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు, తుడిచిందే మళ్ళీ తుడిచాడు, చివరికి అరుగు దగ్గరికి వచ్చాడు.

"అక్కా, కొంచెం నీళ్ళు కావాల."

అలమేలు అమ్మ సరసమ్మ రాట్నం ఆపకుండానే అడిగింది. "తాగేదానికా తంబీ?"

"నాకు కాదక్కా. కారుకి."

"కారుకి కూడా దాహమా!"

"అద్దం కడుక్కునేదానికి. మా ముదలాళి మద్రాసులో పెట్టించినాడు. బొత్తాం నొక్కితే చాలు, రెండు పక్కలా పెళ్ళిలో పన్నీరు చల్లినట్టు చల్లుతుంది."

పెళ్ళి అనేటప్పుడు అతను సరసమ్మ వైపు చూడలేదు.

"అలమేలూ, ఆ చెంబు ఇయ్యి."

అలమేలు మాట తక్కువ పిల్ల. ఆ లోటు కళ్ళు తీరుస్తాయి. అతని చెవి మీద నల్లగా గ్రీసు మరక ఉంది. అది ఎప్పుడు అంటిందో, ఎవరూ చెప్పలేదేమో అని ఆలోచిస్తూ చెయ్యి చాచి చెంబు అందించింది. అతను దాన్ని ముక్కు దాకా ఎత్తి ఒక్క క్షణం ఆగాడు. నలకలు చూస్తున్నాడు కాబోలు అనుకుంది. అతను తనలో తను నవ్వుకుని, బానెట్ ఎత్తి, వాషర్ సీసాలో చెంబెడూ వంచేశాడు.

తిరిగొచ్చిన చెంబు అడుగున తెల్లటి తేట కదిలింది. నీళ్ళ చెంబు అలమేలు పక్కనే నిండుగా ఉంది.

చెప్పాలి. కానీ నోరు తెరవడానికే ఆమెకు కాస్త సమయం కావాలి. ఆలోగా పడుగు చుట్టేశారు, "వరదా, బండి తియ్యరా" అంటూ ముదలాళి ఎక్కాడు, కారు వెళ్ళిపోయింది.

"నన్ను అక్కా అన్నాడు చూసినావా?" సరసమ్మ కిసుక్కుమంది. "అక్క కూతురు ఏమవుతుందో తెల్దా వాడికి?" అంతలోనే నవ్వు ఆపేసింది. "ఊరికే అంటినిలేమ్మా. శుక్రవారం మీ నాయన పళ్ళిపట్టు పోయి ఆ సంబంధానికి మాట ఇచ్చేసి వస్తాడు. మగ్గం ఉండే ఇల్లయితేనే పిల్లనిస్తానని పట్టుగా ఉండాడు కదా."

మొన్నటిదాకా పళ్ళిపట్టు అంటే అలమేలుకు ఒక ఊరు. ఇప్పుడు ఆ పేరు నూలులో చిక్కుముడిలా తగిలింది.

శుక్రవారం చినుకులు. వీధిలో పడుగు లేదు. ముదలాళి లేకుండానే కారు తిన్నగా గుమ్మం దాకా వచ్చేసింది.

"అక్కా! ఏం నీళ్ళక్కా అవి?"

"మా బావి నీళ్ళకేం వచ్చింది?" సరసమ్మకు రోషం వచ్చింది.

"దోవలో బొత్తాం నొక్కితే చుర్రని ఒక్కసారి చిమ్మినాయి. వైపర్ తిరిగేకొద్దీ అద్దమంతా తెల్లంగా, ఇస్త్రీ వేష్టి పంచె మాదిరి అయిపోయింది. మా ముదలాళి తల బయట పెట్టి దోవ చెప్తా వచ్చినాడు. ఆ పైన ఒక్క చుక్క రాలేదు."

అలమేలు పైట కొంగు నోట్లో కుక్కుకుంది.

"తిరువళ్ళూరులో మెకానిక్కే లేడా?"

"ఉండాడక్కా. నీళ్ళు పోసిన చోటే అడగాలని వచ్చినా. దీన్ని చూడాలంటే ఇద్దరు కావాల. లోపల బొత్తాం నొక్కేదానికి ఒకరు, బయట చూసేదానికి ఒకరు."

"నా చేతిలో నూలు కండె ఉంది. అలమేలూ, పోయి నొక్కమ్మా."

అలమేలు కారులో కూర్చోవడం అదే మొదలు. అద్దానికి అవతల వరదన్ బానెట్ మీదికి వంగాడు.

"సీసాలో నీళ్ళుండాయి," అన్నాడు, నాడి చూసిన వైద్యుడిలా. "నొక్కు. ఇంకా గట్టిగా. దానికి నొప్పి పుట్టదు."

"నొక్కతానే ఉండా! అదే తిరిగి తంతా ఉంది."

"అట్లయితే పంపు బాగుంది." రబ్బరు గొట్టాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా, పసిబిడ్డ చెయ్యి నిమిరినట్టు నిమిరాడు. అంత నెమ్మదిగా రిపేరు చేసే మనిషిని ఆమె చూడలేదు. "మడతలు లేవు." గొట్టం ఊడదీసి పట్టుకున్నాడు. "ఇప్పుడు నొక్కు."

చొక్కా తడిసింది.

"గొట్టం కూడా బాగుంది. చిమ్మే కంతలే మూసుకుపోయినాయి. ఏమి అడ్డం పడిందబ్బా?" అద్దంలోంచి ఆమెనే చూస్తూ అడిగాడు.

అలమేలు స్టీరింగును చూసింది. "దుమ్మేమో."

"దుమ్ము తెల్లగా ఉంటుందా?"

"మీ తిరువళ్ళూరు దుమ్ము ఎట్లుంటుందో నాకేం తెలుసు?"

కొత్తవాళ్ళతో ఆమె అంత పొడుగు మాట ఎన్నడూ అనలేదు. వరదన్ పడిపడి నవ్వాడు. సూది అడిగాడు, వేన్నీళ్ళు అడిగాడు. ఆమె రెండూ తెచ్చింది. కంత మీద వేన్నీళ్ళు పోసి, సూది పెట్టి తిప్పుతుంటే ఎండిన తెల్లటి పెచ్చు ఊడి వచ్చింది. ఇద్దరి తలలూ దగ్గరగా ఉన్నాయి. చినుకులు ఇద్దరి మీదా సమానంగా పడుతున్నాయి.

"పేరేంది?"

"అలమేలు."

"నా పేరు అడగవా?"

"వరదన్. ఆ పొద్దు మీ ముదలాళి పిలిచినప్పుడు విన్నా."

"అన్నీ వింటావు. చెప్పాల్సింది మాత్రం చెప్పవు."

"ఏం చెప్పాల?" ఆమె వేన్నీళ్ళ చెంబులోకి చూసింది.

"ఏం లేదు. పోయి నొక్కు."

నొక్కింది. సూదితో తిప్పినప్పుడు కంతలు పైకి తిరిగినట్టున్నాయి. రెండు ధారలూ అద్దాన్ని వదిలేసి, కారు నెత్తి మీదుగా ఎగిరి, దాని వెనక నిలబడి గొడుగు తెరవబోతున్న వేలాయుధం ముఖాన పడ్డాయి. పళ్ళిపట్టు ప్రయాణానికి కట్టుకున్న కొత్త వేష్టి, చేతిలో తాంబూలం సంచి.

వేలాయుధం మీసం మీద కారింది నాకి చూశాడు.

"గంజి," అన్నాడు. "పులిసిన గంజి. ఎవురు పోసింది?"

అలమేలు కారు దిగింది. కళ్ళల్లో నీళ్ళు. "నేనే నాయనా. చెంబు మారిపోయింది. చెప్పేలోగా కారు పోయింది."

"ఆమెను ఏమీ అనొద్దయ్యా," వరదన్ అడ్డం వచ్చాడు.

"నువ్వు ఎవురి బిడ్డవి?"

"తామరైపాక్కం శివప్రకాశం కొడుకునయ్యా."

"ఆనకట్ట పక్క, రెండు మగ్గాల శివప్రకాశమా?"

"అవునయ్యా! ఇప్పటికీ రెండూ ఆడతా ఉండాయి. తెల్లారి పడుగుకి గంజి పట్టిచ్చినాకే నేను కారెక్కేది..."

అనేసి నాలుక కరుచుకున్నాడు.

వేలాయుధం ముఖం తుడుచుకోవడం ఆపేశాడు. "రోజూ గంజి పట్టే చేతికి, చెంబులో ఉండేది గంజో నీళ్ళో తెల్దా?"

చెంబు ముక్కు దాకా ఎత్తి అతను ఆగిన ఆ ఒక్క క్షణం అలమేలుకు గుర్తొచ్చింది.

"తెలిసే పోసినారా?" మాట దానంతటదే బయటపడింది.

వరదన్ ఆమెను చూడకుండా వైపర్‌తో చెప్పాడు. "కారు చెడితేనే కదా మళ్ళీ రావచ్చు."

అరుగు మీద రాట్నం ఆగిపోయింది. సరసమ్మ నవ్వుకు చేతిలోని పోగు తెగింది. అలమేలు చెంపలు వేన్నీళ్ళ కంటే వేడెక్కాయి. దాక్కోవడానికి చోటు దొరకక బానెట్ వెనక్కి పోయి నిలబడింది.

వేలాయుధం సంచి అరుగు మీద పెట్టి లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

"మీ నాయనకు కోపం వచ్చినట్టుంది," వరదన్ గొణిగాడు. కారు ముందర వంగి కంతలను సూదితో కిందికి సరిచేశాడు.

తలుపు తెరుచుకుంది. పొడి వేష్టి కట్టుకుని వచ్చిన వేలాయుధం అరుగు మీది తాంబూలం సంచి అందుకున్నాడు.

"ఏమయ్యా, పళ్ళిపట్టు బస్సుకేనా?" సరసమ్మ గొంతు నీరసపడింది.

ఆయన మెట్లు దిగాడు. బస్టాండు ఎడమవైపు. కారు ముక్కు కుడివైపు, తామరైపాక్కం పోయే దోవకు తిరిగి ఉంది. ఆయన కారు ముందు తలుపు తీసి, డ్రైవరు పక్క సీట్లో కూర్చుని, సంచి ఒళ్ళో సర్దుకున్నాడు. తర్వాత చెయ్యి చాచి, బొత్తాన్ని గట్టిగా నొక్కాడు.

రెండు పక్కలా పన్నీరు లేచింది.