ఆలస్యంగా లేచే స్వరం

వ్యాగన్ గోడ మీద ఎవరో మూడుసార్లు కొట్టారు.

ట్రంపెట్ నా పెదవుల దగ్గరే ఆగిపోయింది. రైల్వే వర్క్‌షాప్ వెనక పాత పట్టాల సైడింగు అది, అక్కడ ఉన్నవన్నీ తుక్కు కింద రాసేసిన వ్యాగన్లు. అయిదింటికి వర్క్‌షాప్ సైరన్ మోగాక అటువైపు పిట్ట కూడా రాదు. అందుకే నా సాధనకి ఆ చోటు ఎంచుకున్నాను. బ్యాచిలర్ క్వార్టర్లో ఊదితే పక్క గది చెన్నకేశవులు చెప్పు చూపిస్తున్నాడు మరి.

బయట శ్రావణమాసపు వాన సన్నగా పడుతోంది. మళ్ళీ మూడు దెబ్బలు.

"ఎవరు?" అన్నాను. ఇరవై నాలుగేళ్ళ ఫిట్టర్ గొంతు కాదది, పిల్లి గొంతు.

"ముందు మీరెవరో చెప్పండి. మనిషేనా?" అంది బయటి నుంచి ఆడగొంతు.

ఆడగొంతు కాబట్టి ధైర్యం వచ్చి తలుపు జరిపాను. నల్ల గొడుగు కింద ఒక అమ్మాయి, చేతిలో టార్చిలైటు. ఆ వెలుగు నా మొహం మీద పడింది, ట్రంపెట్ మీద పడింది, చివరికి నా కాళ్ళ దగ్గర ఆగింది. పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయేమోనని చూస్తోందన్నమాట.

"ముందుకే ఉన్నాయండి" అన్నాను.

ఆమె నవ్వలేదు. "ఇలా ఊదడం ఎవరు నేర్పారు మీకు?"

"ఎవరూ లేరండి. గోల్‌బజార్లో పాత ట్రంపెట్ కొన్నాను. పుస్తకం చూసి సొంతంగా నేర్చుకుంటున్నాను. ఎందుకు, అంత బాగుందా?"

"బాగోడం కాదు. సచ్చిపోయిన మా నాన్న ఊదినట్టుంది."

ట్రంపెట్ కిందికి దించాను.

ఆమె పేరు పైడితల్లి. వాళ్ళ నాన్న నూకరాజు మా వర్క్‌షాప్‌లోనే ఫిట్టరు, అంతకు ముందు ఏడాది పోయాడు. ఆయన కూడా నాలాగే పుస్తకం చూసి నేర్చుకుని, ఇరవై ఏళ్ళపాటు సాయంత్రాలు పెరట్లో కూర్చుని ఊదాడట. మెట్లెక్కినట్టు వరసగా స్వరాలు ఊదుతుంటే ఒక్కటి మాత్రం లేవలేక కింద ఆగిపోయి, తర్వాత మెల్లగా పైకి వచ్చేదట. నాకూ అదే స్వరం, అలాగే.

"వారం నుంచీ మా అమ్మ పెరటి తలుపు తీసి ఆయన కుర్చీ ఏస్తంది. రెండు గ్లాసులు టీ పోస్తంది. 'మీ నాన్న వచ్చాడే' అని ఆ కుర్చీతో మాటాడతంది. నాకు బయమేస్తందండీ. ఊదడం బంద్ సెయ్యండి."

ఆ కళ్ళు చూసి అడిగితే ఉద్యోగమే మానేసేవాణ్ణి. ట్రంపెట్ ఎంత!

రెండు రోజులు ఊదలేదు. మూడో రోజు సాయంత్రం గదికి తాళం వేస్తుంటే ఆమె మెట్ల దగ్గర నిలబడి ఉంది. గొడుగు లేదు, నిలువునా తడిసిపోయి ఉంది.

"ఊదండి."

"మీరే కదా ఆపమన్నారు?"

"అమ్మ రెండ్రోజులై ముద్ద ముట్టడం నేదు. 'ఆయన అలిగాడు, నువ్వేటో అన్నావు' అని నా మీద పడతంది. ఊదండి. కానీ ఒక్క మాట. బాగా నేర్చుకోకండి. అలాగే ఊదండి."

కుర్రవాణ్ణి ఏ అమ్మాయైనా చెడిపోకు అని అడుగుతుంది. బాగుపడకు అని అడిగించుకున్న మొనగాణ్ణి నేనొక్కణ్ణే. పైగా నెల తిరిగితే విశ్వకర్మ పూజ. ఆ రోజుకి వర్క్‌షాప్ బ్యాండులో ఒక ట్రంపెట్ ఖాళీ ఉంది. ఆ స్వరం సరిచేసుకుంటేనే తీసుకుంటానని బ్యాండు మాస్టరు మల్లేశ్వరరావు గారు ముఖం మీదే చెప్పేశారు. నూకరాజుని కూడా ఆ ఒక్క స్వరం వల్లే చేర్చుకోలేదట.

అయినా ఊదాను. పైడితల్లి వ్యాగన్ తలుపు దగ్గర కూర్చుని వినేది. అమ్మ అన్నం తినే వేళకి లేచి వెళ్ళేది.

"ఇవాళ కొంచెం బాగా ఊదారు. తప్పు" అనేది.

"క్షమించండి. రేపు ఇంకా ఘోరంగా ఊదుతాను."

"పాగల్" అని నవ్వు దాచుకునేది. దాచుకోవడం ఆమెకి సరిగ్గా చేతనయ్యేది కాదు, నా అదృష్టం కొద్దీ.

అసలు భయం ఆ తర్వాత మొదలైంది. ఒకరోజు ఆమె ఇంకా రాలేదు కదా అని ఆ స్వరాన్ని సరిగ్గా ఊదబోయాను. స్వరం లేవలేదు. అప్పుడు వేళ్ళ వైపు చూసుకున్నాను. ట్రంపెట్‌కి ఉండే మూడు మీటల్లో నడిమి మీట మీద నుంచి నా వేలు ఎప్పుడో లేచిపోయింది. మీట మాత్రం కిందే ఉంది, కనపడని వేలేదో అదిమి పట్టుకున్నట్టు. ఒకటి, రెండు లెక్కపెట్టేలోగా మెల్లగా పైకి లేచింది.

పైడితల్లి వచ్చాక చూపించాను. తానూ నొక్కి వదిలింది. మీట లేవలేదు. తర్వాత నింపాదిగా లేచింది.

"నాన్నా?" అంది చాలా చిన్న గొంతుతో.

అవతలి వ్యాగన్ తలుపు గాలికి కిర్రుమంది. ఆమె నా చెయ్యి పట్టేసుకుంది. అదే మొదటిసారి. కానీ ఏం సంబరపడను? అక్కడ ముగ్గురం ఉన్నామేమోనని నా అనుమానం.

ఆ సోమవారం, నాన్న ఉద్యోగానికి బదులుగా పైడితల్లికి వర్క్‌షాప్ స్టోర్స్‌లో ఉద్యోగం ఇచ్చారు. నేను చిన్న సీసా పట్టుకుని కౌంటరు ముందు నిలబడ్డాను.

"యాక్సిల్ ఆయిల్, కొంచెం. కిందటిది అయిపోయింది."

"ఏ వ్యాగన్‌కి?"

"వ్యాగన్‌కి కాదు, ట్రంపెట్ మీటలకి. మా షాపులో కదిలే ప్రతిదానికీ అదే కదా మందు! సైకిలుకీ అదే, తలుపు బందులకీ అదే."

ఆమె చేతిలో కలం ఆగిపోయింది. "మా నాన్న కూడా వారం వారం ఇలాంటి సీసాయే తెచ్చీవోడు."

పీపాలోంచి ఒక చుక్క తీసి వేలి మీద వేసుకుంది. నల్లగా, చిక్కగా, ఎంత వంచినా జారకుండా అలాగే పట్టుకుని ఉంది.

"ఇదా, ఇన్నాళ్ళూ మీటని అదిమి పట్టుకున్నది!" అంటూ నవ్వింది. నవ్వు సగంలోనే కళ్ళు నిండాయి. "ఇప్పుడేటి సేద్దాం? ఇది కడిగేస్తే అమ్మకి ఆయన మళ్ళీ సచ్చిపోతాడు."

"కడక్కపోతే నేను ఆయన చోట్లో దొంగలా ఉండిపోవాలి. మీ అమ్మగారికి నిజం చెప్పేద్దాం. దయ్యం వేషం వేసుకుని, రేపు మీ చెయ్యి అడగడానికి ఏ మొహంతో రాను?"

"ఎవరి చెయ్యి?"

నా చెవులు కాలిపోయాయి. "అదే... సంతకం పెట్టే చెయ్యి."

"ఇక్కడ ఇండెంట్ చీటీ లేకుండా ఏదీ ఇవ్వరు. అడగాల్సిన చోట అడగండి" అని రిజిస్టరులోకి తల దించేసింది. వద్దనలేదు.

ఆ సాయంత్రం వాళ్ళ పెరటి గుమ్మం దగ్గర నిలబడ్డాను. పైడితల్లి వాళ్ళమ్మ పార్వతమ్మ గారు వానవైపు చూస్తూ కూర్చుని ఉన్నారు. పక్కన ఖాళీ కుర్చీ, దాని ముందు పొగలు కక్కుతున్న టీ గ్లాసు. ఉన్నదంతా చెప్పేశాను.

ఆవిడ కుర్చీ వైపు, టీ గ్లాసు వైపు చూశారు.

"అయితే ఈ టీ ఇన్నాళ్ళూ ఎవరికి పోసినట్టు?"

"నాకేనమ్మా."

"ఒక్క గుక్కా తాగనేదు కదరా."

"ఇప్పుడిస్తే తాగుతానమ్మా."

ఇవ్వలేదు. ట్రంపెట్ లాక్కుని వాసన చూశారు. ఆవిడ ముఖం మారిపోయింది. తిడతారనుకున్నాను. తిట్టారు కూడా, నన్ను కాదు.

"యాక్సిల్ ఆయిలు! ఇరవై ఏళ్ళు సెప్పాను ఆ మడిసికి. వ్యాగన్ నూనె వ్యాగన్‌కే, దీనికి నా కుట్టుమిషన్ నూనె ఎయ్యి అని. బాజా సంగతి ఆడదానికేటి తెలుసు అన్నాడు. బ్యాండోళ్ళు తిప్పి పంపిన పెతిసారీ గోడకి తిరిగి పడుకున్నాడు గానీ, నా మాట ఇన్నేదు."

లోపలికి వెళ్ళి కిరసనాయిలు, గుడ్డ, కుట్టుమిషన్ నూనె డబ్బా తెచ్చారు. మీటలు ఒక్కొక్కటీ తిప్పి తీసి కడిగారు. తుడిచారు. రెండేసి చుక్కలు వేసి బిగించారు. ఆ చేతులు ఈ పని ఇరవై ఏళ్ళుగా మనసులో చేస్తూనే ఉన్నట్టున్నాయి.

"ఊదు."

ఊదాను. కింద ఆగిపోయే స్వరం తన వేళకి తాను లేచింది. నిటారుగా, తేటగా, పెరడంతా నిండిపోయింది. నా చేతిలో అలాంటి స్వరం ఉందని నాకే తెలియదు.

"ఇదే" అన్నారు పార్వతమ్మ గారు. "ఆయన ఊదాలనుకున్నది ఇదే."

కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. పైడితల్లి వెళ్ళి ఆవిడ భుజం పట్టుకుని కూర్చుంది. నేను ఎటు చూడాలో తెలియక వాన చూశాను. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

వాన కాస్త తగ్గాక ఆవిడే లేచి మూడు కంచాలు పెట్టారు. ఖాళీ కుర్చీ నా వైపు జరిపారు. నేను వెనకాడాను.

"కూకోరా. ఆయన ఎల్లిపోయాడు."

కూర్చున్నాను. ఆవిడ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, నమిలి, కూతురి వైపు తిరిగారు.

"సెప్పిన మాట ఇనీ మగోడు ఈ కాలనీ మొత్తమ్మీద ఒక్కడు దొరికాడే. ఒదలకు."

పైడితల్లి తలెత్తకుండా నాకు పప్పు వడ్డించింది. సగం పప్పు కంచం బయటే పడింది.