ఎర్రగళ్ళ కుచ్చెళ్ళు

ఫిన్లేకీ రోనాకీ పెళ్ళి శనివారం. సోమవారం పొద్దున జావ తాగుతూ ఫిన్లే ఆ మాట అన్నాడు.

"అమ్మా, నేను నాన్న కిల్ట్ కట్టుకోవడం లేదు. రోనా వాళ్ళ గళ్ళే కట్టుకుంటాను."

ఇష్బెల్ చేతిలో గరిటె గిన్నె మీదే ఆగిపోయింది. కిల్ట్ అంటే మగాళ్ళు నడుముకి చుట్టుకునే కుచ్చెళ్ళ గుడ్డ, ఒక్కో వంశానికి ఒక్కో రంగు గళ్ళు.

"రోనా వాళ్ళ గళ్ళా? ఆ పసుపువా?"

"ఊఁ."

"పసుపు మీద నల్లచారలు! నువ్వు పెళ్ళికొడుకువా, కందిరీగవా?"

ఫిన్లే నవ్వలేదు. అక్కడే ఆమెకి అనుమానం మొదలైంది. పడవ ఇంజన్లు బాగుచేసే మనిషి, ఊళ్ళో అందరికంటే గట్టిగా నవ్వే మనిషి, జావ గిన్నెలోంచి తల ఎత్తడం లేదు.

"మీ తాత కట్టాడు. మీ నాన్న కట్టాడు. మాథెసన్ల ఇంట్లో ఏ మగాడైనా ఎర్రగళ్ళు కట్టకుండా పెళ్ళికి చర్చి మెట్లెక్కాడా?"

"అది నాకు బిగుతమ్మా."

"బిగుతా? ఎనిమిది గజాల గుడ్డ అది. బకిల్ జరిపి కుట్టుకుంటే సరిపోతుంది. అయినా బిగుతని నీకెలా తెలుసు? కట్టి చూశావా?"

"చూశాను."

"ఎప్పుడు?"

"పనికి వేళైంది," అని ఫిన్లే కోటు అందుకున్నాడు. తలుపు తీసినవాడు ఒక్క క్షణం వెనక్కి తిరిగి ఏదో చెప్పబోయి, చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

ఇష్బెల్ వంటింటి కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది. ప్లాక్టన్ ఊరు సముద్రపు పాయని చుట్టుకుని ఉంటుంది. ఈ చివర ఇష్బెల్ ఇల్లు, నీళ్ళకి అవతల నీలం తలుపున్న ఇల్లు కాబోయే వియ్యపురాలు, రోనా తల్లి డవీనాది. ఇష్బెల్ కళ్ళ గురించి ఊళ్ళో కథలుండేవి. ఎక్కడో చుక్కలా కనబడే పడవను చూసి అందులో ఎవరున్నారో చెప్పేది. భర్త టోర్క్విల్ చేపలు పట్టి వస్తున్నాడని, ఆమె టీకి నీళ్ళు పెట్టాకే మిగతా వాళ్ళకి తెలిసేది. టోర్క్విల్ పోయి ఏడేళ్ళయింది. ఆ కళ్ళు ఇప్పుడు కొడుకు వ్యాను మీద పని చేస్తున్నాయి.

ఫిన్లే పని చేసే చోటు కుడివైపు. వ్యాను ఎడమకి తిరిగింది. పాయ చుట్టూ తిరిగి నీలం తలుపు ముందు ఆగింది.

ఇష్బెల్ కిటికీ తెర విసురుగా లాగేసింది.

డవీనా లూయిస్ దీవి నుంచి వచ్చి ఈ ఊరి బడిలో పిల్లలకి కుట్టుపని నేర్పిన మనిషి. గట్టిగా మాట్లాడదు, అక్కర్లేకుండా మాట్లాడదు. ఆమెలో తప్పు పట్టడానికి ఏమీ దొరక్కపోవడమే ఇష్బెల్‌కి పెద్ద తప్పుగా కనిపించేది. నిశ్చితార్థం అయినప్పటి నుంచీ ఫిన్లే నోట ఒకటే పాట. డవీనా అత్తయ్య చేపల సూపు, డవీనా అత్తయ్య జున్ను రొట్టె. సూపును పొగిడితే కొంచెం మండేది. 'అత్తయ్యా' అని నోరారా పిలిస్తే ఇంకా మండేది.

ఒక్క సంగతి తలుచుకుని ఇన్నాళ్ళూ ఓర్చుకుంది. ప్రమాణాలయ్యాక పెళ్ళికొడుకు తల్లి తమ వంశపు గళ్ళ కండువాను కోడలి భుజాన వేసి వెండి పిన్ను గుచ్చుతుంది. అప్పటి నుంచి ఆ పిల్ల ఈ ఇంటిది. డవీనా ఎన్ని సూపులు కాచినా ఆ పిన్ను మాత్రం ఇష్బెల్ చేతిలోనే ఉంటుంది. కానీ పెళ్ళికొడుకే పసుపుగళ్ళు కట్టుకుని నిలబడితే ఇక ఆ పిన్నుకి అర్థమేముంది? అది కోడల్ని తెచ్చుకోవడం కాదు, కొడుకుని అప్పగించి రావడం.

మూడు రోజులు ఆమె కొడుకుతో అవసరానికి మించి మాట్లాడలేదు. గురువారం మధ్యాహ్నం ఆడపడుచు పెగ్గీ వచ్చింది. టీ చల్లారకముందే కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"వదినా, ఒకటి చెప్తాను, మనసులో పెట్టుకోకు."

"పెట్టుకోకూడనిది ఎందుకు చెప్తావు? సరే, చెప్పు."

"ఇందాక పూల సంగతి మాట్లాడదామని డవీనా ఇంటికి వెళ్ళాను. లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడింది. తలుపు సందులోంచి చూద్దును కదా, బల్ల మీద ఎర్రగుడ్డ. పక్కనే కత్తెర."

"ఎర్రగుడ్డ ఎవరింట్లోనైనా ఉంటుంది."

"మా అన్నయ్య కిల్ట్ నాకు తెలియదా వదినా? పెళ్ళికాకముందు దాని కుచ్చెళ్ళకి ఇస్త్రీ చేసింది నేనేగా!"

ఇష్బెల్ లేచి తన గదిలోకి వెళ్ళింది.

బీరువాలో కుడివైపు చివర టోర్క్విల్ కిల్ట్ దాచిన సంచి వేలాడుతోంది. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే దాని జిప్పు వేలెడు సందు తీసి ముక్కు పెట్టేది. పైపు పొగాకు, ఉప్పుగాలి, టోర్క్విల్. మళ్ళీ మూసేసేది. పూర్తిగా తీసి చూసే ధైర్యం ఏడేళ్ళుగా చాలలేదు. మొన్న ఆదివారం కూడా అదే వాసన వచ్చింది. మరి పెగ్గీ చూసిందేమిటి?

జిప్పు కిందిదాకా లాగింది.

ఎర్రగళ్ళు లేవు. హ్యాంగరుకి టోర్క్విల్ వేట స్వెటరు తగిలించి ఉంది. బూడిదరంగు ఉన్ని, మోచేతుల దగ్గర ఆమె వేసిన అతుకులు.

తన ముక్కుకి అనుమానం రాకూడదని ఎవరో ఆలోచించి మరీ పెట్టారు. ఇంత ఆలోచన ఫిన్లే బుర్రలో పుట్టదు. ఇది ఆడదాని తెలివి. ఆ ఆడది ఎవరో చెప్పడానికి దివ్యదృష్టి అక్కర్లేదు.

"వదినా, కోటు వేసుకో, వాన పడేలా ఉంది!" అని పెగ్గీ అరుస్తూనే ఉంది. ఇష్బెల్ అప్పటికే వీధిలో ఉంది.

నీలం తలుపు తట్టలేదు, తోసింది. డవీనా కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుని ఉంది. మెడలో కొలత టేపు, వేలికి సూది గుచ్చుకోకుండా అంగుస్తానా, ఒళ్ళో టోర్క్విల్ కిల్ట్. దాని నడుము పట్టీ ఊడదీసి పక్కన పడేసి ఉంది.

"ఇష్బెల్ వదినా! కూర్చో. నేను చెప్తాను."

"నన్ను వదినా అనకండి డవీనా గారూ. నా మొగుడి కిల్ట్ మీ ఒళ్ళో ఎందుకుంది?"

"అదే చెప్పబోతున్నా."

"సూపులు పోసి నా కొడుకుని తీసుకున్నారు. సరే, ఊరుకున్నాను. వాడికి పసుపుగళ్ళు చుట్టబెట్టారు. అదీ ఊరుకున్నాను. చివరికి చచ్చిపోయిన మనిషి గుడ్డ కూడా కత్తిరిస్తారా? ఏం కుడుతున్నారు, దిండు గలీబులా?"

"నన్ను ఒక్క మాట చెప్పనివ్వు."

"మాటలేం అక్కర్లేదు. ఇలా ఇవ్వండి!"

ఇష్బెల్ కిల్ట్ అంచు పట్టుకుంది. డవీనా రెండో అంచు వదల్లేదు.

"లాగకు వదినా! ఉత్త టాకాలే వేశాను, ఊడిపోతాయి!"

ఇష్బెల్ లాగింది. టాకాలు పటపటమని తెగాయి. కుచ్చెళ్ళు ఒకదాని వెనక ఒకటి విడిపోయాయి. గజాలకొద్దీ గుడ్డ బల్ల మీద నుంచి ఇద్దరి మధ్యా పరుచుకుంది. కిటికీలోంచి వచ్చే వెలుగు దాని వెనక పడింది.

అప్పుడు కనిపించాయి చిల్లులు. ముందుభాగం అంతా జల్లెడలా ఉంది. ఒక్కో చిల్లులోంచి వెలుగు సూదిమొనలా పొడుచుకు వస్తోంది.

"ఏం చేశారు దీన్ని?" ఇష్బెల్ ఒక చిల్లు మీద వేలు పెట్టింది.

"నేను కాదు వదినా. చిమ్మటలు, ఉన్ని తినే పురుగులు."

ఇష్బెల్ గుడ్డని వెలుగుకి ఇంకా దగ్గరగా పట్టింది.

"వసంతంలో నువ్వు ఇంట్లో లేనప్పుడు ఫిన్లే కట్టి చూసుకుందామని తీశాడట," అంది డవీనా, తెగిన దారాలు ఏరుతూ. "చూసేసరికి ఇలా ఉంది. నీకు చెప్తే తట్టుకోలేవని ఏడ్చుకుంటూ నా దగ్గరికి పట్టుకొచ్చాడు. బాగవుతుందని నాకే నమ్మకం లేదు. అందుకే పసుపుగళ్ళని అబద్ధమాడాడు. బాగైతే మాత్రం శనివారం పొద్దున కట్టుకొచ్చి నీ ముందు నిలబడాలని వాడి ఆశ. దానికోసమే రోజూ వచ్చి ఎంతవరకు అయిందో చూసుకుని పోతున్నాడు. నా సూపు కోసం కాదు."

ఇష్బెల్ తను పట్టుకున్న అంచుని బల్ల మీద పెట్టింది.

"బీరువాలో కలరా ఉండలు పెట్టలేదా?" డవీనా మెల్లగా అడిగింది.

పెట్టింది. టోర్క్విల్ పోయిన నెలలోనే తీసి పొయ్యిలో పడేసింది కూడా. ఆ ఘాటుకి ఆయన వాసన పోతుందని. అది తన ఒక్క ముక్కుకే చెందాలని దాచుకుంది. గాలి తగలనివ్వలేదు, కొడుకుని ముట్టుకోనివ్వలేదు, ఎవరికీ చూపించలేదు. ఆమె అంత భద్రంగా కాపలా కాసిన ఆ చీకట్లోనే చిమ్మటలు తీరిగ్గా తిన్నాయి.

"నేనే," అంది. కుర్చీలో కూలబడింది. "నేనే తినిపించాను వాటికి. ఇప్పుడు మీరు కుట్టింది కూడా పాడుచేశాను. ఎల్లుండే పెళ్ళి. ఎలా?"

డవీనా సూదిలో దారం ఎక్కించి ఆమె ముందు పెట్టింది.

"కుట్టడం వచ్చా?"

"ముప్పయ్యేళ్ళు వలలు అల్లిన చేతులివి."

"వలకీ దీనికీ తేడా ఏముందిలే. ఇక్కడ కన్నాలు కనబడకూడదు, అంతే." డవీనా గుడ్డ వెనుకభాగం తిప్పి చూపించింది. "ఇన్నాళ్ళూ వెనక మడతల్లో దాగిన గుడ్డ కొత్తదానిలా ఉంది. అది ముందుకి తెస్తాం. చిల్లులన్నీ కుచ్చెళ్ళ లోపలికి పోతాయి. గళ్ళు గళ్ళతో కలవాలి. గీత తప్పితే నేనే విప్పేస్తాను, ఏడవకు."

చెరో వైపు కూర్చున్నారు. బయట వాన మొదలైంది. ఒక్కో కుచ్చీ మడిచి కుట్టుకుంటూ పోయారు. ఉన్నట్టుండి ఇష్బెల్ చేతిలోని మడతని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఉతకలేదా?"

"ఫిన్లే ఉతకనివ్వలేదు. అమ్మకి ఆ వాసన కావాలన్నాడు. మరి పురుగు చావాలి కదా? ఫ్రీజర్‌లో పెట్టాను, చేపల పక్కన. అందుకే కొంచెం కంపు కొడుతోంది. ఏమనుకోకు."

ఇష్బెల్ మళ్ళీ వాసన చూసింది. పొగాకు, దాని మీద పచ్చిచేప. ముందు నవ్వు వచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే విరిగి ఏడుపైంది.

"ఇదే ఆయన. ఏడేళ్ళలో ఒక్కనాడూ ఇంత సరిగ్గా రాలేదు. చేపలు లేకుండా టోర్క్విల్ ఏమిటి!"

డవీనా కూడా నవ్వింది. కానీ వెంటనే తల దించుకుంది.

"నువ్వు నన్ను చూసి కుళ్ళుకున్నావని నాకు తెలుసు వదినా. నేనూ తక్కువదాన్ని కాదు. ఇది కుడుతున్నంతసేపూ కడుపు మండుతూనే ఉంది. శనివారం నువ్వు ఆ పిన్ను గుచ్చుతావు. నా పిల్ల మీ పిల్ల అయిపోతుంది. నాకున్నది ఒక్కతే. దాన్ని తీసుకుపోయే గళ్ళని నా చేత్తోనే కుట్టాల్సి వచ్చింది. రెండుసార్లు కత్తెర తీసి మళ్ళీ పెట్టేశాను. బాగవలేదని చెప్పేద్దామనుకున్నాను."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నీ కొడుకు రోజూ వచ్చి గుమ్మంలో చెప్పులు విడిచి, అయిందా అత్తయ్యా అని అడిగేవాడు. వాడి మొహం చూస్తూ ఎలా చెప్పను?"

ఇష్బెల్ తన చేతిలోని మడత గళ్ళని జాగ్రత్తగా సరిచేసి, సూది దింపింది.

శుక్రవారం సాయంత్రానికి కిల్ట్ తయారైంది. ఇష్బెల్‌కి తెలిసిపోయిందని ఫిన్లేకి మాత్రం చెప్పకూడదని ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు.

శనివారం పొద్దున ఇష్బెల్ జావ కలుపుతుంటే వెనక బూట్ల చప్పుడైంది. తిరిగి చూసింది. నల్లకోటు, మేజోళ్ళు, వాటి మధ్య ఎర్రగళ్ళు. ప్రతి కుచ్చీ ఎవరు కుట్టారో తెలుసు. అయినా గుమ్మంలో నిలబడింది పాతికేళ్ళ టోర్క్విల్.

"కందిరీగ ఏదిరా?" అంది.

"ఎగిరిపోయింది," అన్నాడు ఫిన్లే. తల్లి మొహం చూసి కంగారుపడ్డాడు. "అమ్మా, ఏడవకు. అబద్ధమాడానని తిట్టు. ఏడవకు."

"తిడతాను. పెళ్ళి కానివ్వు, జీవితమంతా తిడతాను. వెనక్కి తిరుగు."

తిరిగాడు. కుచ్చెళ్ళు విసనకర్రలా ఊగి, మళ్ళీ వచ్చి వరసగా నిలబడ్డాయి. ఒక్క చిల్లూ కనబడలేదు.

చర్చిలో ప్రమాణాలు అయ్యాయి. ఎర్రగళ్ళ కండువా, వెండి పిన్ను పట్టుకుని ఇష్బెల్ ముందుకి నడిచింది. ఇంతకాలం ఈ ఒక్క క్షణం కోసమే కళ్ళు కాయలు కాచేలా చూసింది. రోనా తెల్లగౌనులో కొంచెం వంగి భుజం అందించింది. ఇష్బెల్ కండువా వేసి మడతలు సర్దింది. పిన్ను తీసింది.

ముందు వరసలో డవీనా ఒళ్ళో చేతులు కట్టుకుని నేలకేసి చూస్తోంది. ఆ వేళ్ళ చివర్ల నిండా సూదిపోట్లు. ఇష్బెల్ తన వేళ్ళ వంక చూసుకుంది. అవీ అలాగే ఉన్నాయి.

"వదినా," అని పిలిచింది. మొట్టమొదటిసారి.

డవీనా తలెత్తింది.

"కొంచెం ఇలా రా. నాకు కళ్ళు సరిగ్గా ఆనడం లేదు. పిల్లకి గుచ్చుకుంటుందేమో. ఈ పిన్ను నువ్వు పెట్టు."

చర్చి అంతా గుసగుసలు. ఇష్బెల్ కళ్ళకి ఆనకపోవడమా! డవీనా మాత్రం లేచి వచ్చి పిన్ను అందుకుంది. ఇష్బెల్ కండువాని గట్టిగా పట్టుకుంది. ఒకరు పట్టుకుంటే ఒకరు గుచ్చారు, రెండు రోజులుగా బల్ల దగ్గర చేసినట్టే.

"అత్తయ్యా, మీకు నిజంగా కనబడటం లేదా?" రోనా చెవిలో అడిగింది.

"నోరు మూసుకుని నిలబడు."

వెనక వరసలో పెగ్గీ పక్కావిడని మోచేత్తో పొడిచింది.

"మా వదినకి కళ్ళెప్పుడు పోయాయో నాకు చెప్పనే లేదు, చూశావా!"

ఇష్బెల్ వినిపించుకోలేదు. ఆ క్షణంలో ఆమెకి నిజంగానే ఏమీ కనబడటం లేదు. కన్నీళ్ళ వెనక ఎర్రరంగు ఒక్కటే అలుక్కుపోయి కనిపిస్తోంది.