పత్తి మిల్లు షెడ్డులో పుల్లయ్య కారు

శిరివెళ్ల దాటి ఆళ్లగడ్డ వైపు పోతుంటే ఎడమ చేతి పక్కన మూతపడ్డ పత్తి మిల్లు ఒకటి ఉంది. పగలు చూస్తే ఏమీ లేదు — రేకుల షెడ్డు, తుప్పు పట్టిన గేటు, చుట్టూ కంపచెట్లు. పొద్దుగూకినాక మాత్రం ఆ తావుకు మంచి పేరు లేదు. బస్సు డ్రైవర్లు అక్కడికి రాగానే ఎదురుగా ఎవరూ లేకపోయినా హారన్ కొడతారు. మోటారు సైకిళ్ల మీద పోయేవాళ్లు మాటలు ఆపేసి, మిల్లు దాటినాక మళ్లీ మొదలుపెడతారు.

ఆ షెడ్డులో ఒక తెల్ల కారుండేది. మిల్లు ఓనరు పుల్లయ్యది. ఆయన చనిపోయి మూడేండ్లయింది. కానీ కారులోంచి మాత్రం ఇంకా దిగలేదని... చుట్టుపక్కల అందరి మాట.

ఇది నంద్యాల మెకానిక్ శాంసన్‌కు జరిగిన సంగతి. చేతులు నల్లబడేదాకా బండ్లు బాగుచేసిన మనిషి. దెయ్యాల మాటెత్తితే నవ్వేవాడు — పగటిపూట.

ఆ కారు కొనాలని ఆళ్లగడ్డ దేవమ్మకు బుద్ధి పుట్టింది. ఆమె ఇంట్లో వండి నంద్యాలలో ఒక హాస్టల్‌కు క్యారియర్లు పంపేది. ఆటో కుదుపులకు సగం సాంబారు దారిలోనే ఒలికిపోయేది. ఇంకొక్కసారి ఇట్లయితే వేరేవాళ్లను చూసుకుంటామని హాస్టలోళ్లు చెప్పేశారు. సరిగ్గా అప్పుడే పుల్లయ్య భార్య కమలాక్షమ్మ మిల్లు స్థలం అమ్మేసి, జూపాడు బంగ్లా అనే ఊళ్లో చెల్లెలి దగ్గరికి పోతోందని తెలిసింది.

"కారు నడిస్తే నువ్వు తీస్కపో. నడవకుంటే తెల్లారి పాత ఇనుమోళ్ల లారీ వస్తాది," అన్నదామె, దేవమ్మ పోయి కారు అడిగితే.

ఆ మాట అన్నది సాయంత్రం. దేవమ్మ శాంసన్‌కు ఫోను చేసింది. అతను సామాన్ల సంచి, కొత్త బ్యాటరీ, డబ్బాలో పెట్రోలు పట్టుకుని వచ్చేసరికి ఎండ పోయింది. షెడ్డుకు కరెంటు లేదు.

బ్యాటరీ బిగించి తాళం తిప్పాడు.

టక్... అంతే.

మళ్లీ తిప్పాడు. టక్...

సెల్ఫ్ మోటరు ఇరుక్కుందేమో అని దాన్ని విప్పి పక్కన పెట్టాడు. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో ఊపి చూశాడు. ముందు చక్రం తీసి, పక్కనుంచి ఇంజన్‌ను తిప్పే పుల్లీ నట్టుకు పానా తగిలించి చేత్తో తిప్పాడు.

ఇంజన్ కదిలింది.

"పట్టేయల్యాక్కా," అన్నాడు సంతోషంగా. "పట్టేసుంటే ఈ మాత్రం కూడా కదల్దు."

పానా తిరుగుతూ పోయింది... ఇంకా పోయింది... ఒక చుట్టు పూర్తయ్యేందుకు రవ్వంత ముందు — టక్. రాయికి తగిలినట్టు ఆగింది. శాంసన్ బలం పెట్టలేదు. బలం పెడితే లోపల ఏదో ఒకటి వంగుతుంది. వెనక్కి తిప్పాడు. మెత్తగా వచ్చింది, వచ్చింది... మళ్లీ అదే తావుకు, అవతలి వైపు నుంచి — టక్.

దేవమ్మ గొంతు తగ్గించింది. "లోపలుండి ఎవరో పట్టుకున్నట్లుంది గదప్పా."

"బెల్టక్కా. బెల్టు కాడ ఏదో పట్టుకునింటాది." బెల్టు తీశాడు. తిప్పాడు.

టక్.

"అయితే నీళ్లు దిగింటాయి." నాలుగు ప్లగ్గులూ విప్పాడు. నీళ్లుంటే ఆ బెజ్జాల్లోంచి చిమ్ముతాయి. మొహం పక్కకు పెట్టుకుని తిప్పాడు.

నీళ్లు రాలేదు.

హూఁ... స్... స్... స్...

నిట్టూర్పు వచ్చింది. పెద్ద వయసు మనిషి, భోంచేసి మంచం మీద వాలినప్పుడు విడిచే నిట్టూర్పు.

దేవమ్మ ఫోను లైటు అతని మొహం మీదికి తిప్పింది. "నువ్వేనా శాంసనూ?"

"నేను కాదక్కా... నువ్వనుకున్యా."

ప్లగ్గులు విప్పి ఇంజన్ తిప్పితే లోపలి గాలి ఆ బెజ్జాల్లోంచి కాక ఇంకెక్కడి నుంచి వస్తుంది? ఆ సంగతి శాంసన్‌కు తెలుసు. దుకాణంలో పని నేర్చుకునేవాళ్లకు తనే చెప్పేవాడు. ఆ షెడ్డులో, ఆ చీకట్లో మాత్రం గుర్తు రాలేదు.

"అక్కా, నువ్వు పానా తిప్పు. నేను చెయ్యి పెట్టి చూస్తా." ఒక బెజ్జం మీద అరచెయ్యి ఆనించాడు. ఆమె తిప్పింది. గాలి చేతిని నెట్టింది. ఇంకొంచెం తిప్పింది... ఈసారి చెయ్యి లోపలికి గుంజుకుంది.

శాంసన్ చెయ్యి లాక్కుని రెండడుగులు వెనక్కి వేశాడు. "పీలుస్తాంది," అన్నాడు మెల్లగా. "నా చెయ్యి పీలుస్తాందక్కా."

"పీలిస్తే పీల్చనీ. తెల్లారితే లారీ వస్తాది. పని చూడు." దేవమ్మకూ భయమే. కానీ ఒలికిన సాంబారు ఆమెకు అంతకంటే భయం.

శాంసన్ యేసయ్యను తల్చుకుని సంచిలోంచి సైకిల్ చువ్వ తీశాడు. ఒక్కో బెజ్జంలోకి దించాడు. మొదటిదాంట్లో ఏమీ లేదు. రెండోదాంట్లోనూ లేదు. మూడోదాంట్లోకి దించగానే...

ఖణ్.

లోపల ఏదో దొర్లింది.

"ఏందది?"

"ఏదో పడిందక్కా లోపల. అందుకే పిస్టన్ పైదాకా రాల్యాకుండా ఉంది." మాట మామూలుగా రావాలని చాలా కష్టపడ్డాడు. తీగకు అయస్కాంతం కట్టి దించాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. అంటుకోలేదు. ఇనుము కాదు. ఇనుము కాకుంటే మరేంది? ఎముకా... పన్నా... అనుకున్నాడు గాని పైకి అనలేదు.

దేవమ్మ వంగి బెజ్జంలోకి చూసింది. "బెల్లం పాకం అయితే పట్టుకుంటాదా?"

మెకానిక్ పనిలో శాంసన్ ఎప్పుడూ వినని సామాను అది. "ముదురు పాకమైతే... పట్టుకోవచ్చు," అన్నాడు.

"మిల్లు వెనక కమలాక్షమ్మ ఇంట్లో పొయ్యి ఉంది. బేగా వస్తా," అని దేవమ్మ లైటు తీసుకుని వెళ్లిపోయింది.

లైటు పోయినాక గాని అతనికి తెలియలేదు, ఎంత చీకటిగా ఉందో. కారు, తను. ఎక్కడో రేకు టప్‌మంది. శాంసన్ చర్చి పాట ఒకటి సన్నగా ఎత్తుకున్నాడు. రెండో చరణం మర్చిపోయాడు. మొదటిదే మళ్లీ పాడాడు. కారు లోపల సీటు కిర్రుమంది... ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు. పాట ఆగిపోయింది.

అప్పుడు గుమ్మంలో తెల్లగా ఒక ఆకారం కనబడింది. మెల్లగా దగ్గరికి వచ్చింది.

"తిరుగుతాందా?" అన్నది.

శాంసన్ పానాను గుండెకు హత్తుకున్నాడు. ఆకారం వెనక నుంచి లైటూ, పాకం గరిటె పట్టుకుని దేవమ్మ వచ్చింది. ముందున్నది కమలాక్షమ్మ. తెల్ల నేత చీర, తలమీద కొంగు.

చువ్వ కొనను పాకంలో ముంచి, మూడో బెజ్జంలోకి దించి, ఆరేదాకా ముగ్గురూ నిలబడ్డారు. శాంసన్ మెల్లగా పైకి లాగాడు. జారింది. మళ్లీ ముంచాడు. ఈసారి బరువు తెలిసింది. వచ్చింది... వచ్చింది...

చిటికెన వేలి గోరంత లావున, మసి పట్టిన రాగి తాయెత్తు.

కమలాక్షమ్మ దాన్ని కొంగుతో తుడిచి, బెల్లం వదలక, ఇంకోసారి తుడిచింది.

"నాదే," అన్నది. "నేనే ఏయించినా. పాల వ్యాను డ్రైవరుతో ప్లగ్గు ఇప్పించి."

"ఇంజన్లోనా అమ్మా?"

"బనగానపల్లె దారిలో తాయెత్తులు కట్టే ఒకాయన ఇచ్చినాడు. బండి కడుపులో పెట్టమన్యాడు."

శాంసన్‌కు ధైర్యం తిరిగొచ్చింది. "దెయ్యం పోయేదానికి ఏసింది, ఇంజన్‌కు అడ్డం పడింది. చూడక్కా."

కమలాక్షమ్మ అతని వైపు వింతగా చూసింది. "పోయేదానికి ఎవరన్యారు? పోకుండా ఉండేదానికి ఏసినా. బతికినన్నాళ్లూ ఈ కారేసుకోని ఊర్లు తిరిగినాడు. ఒక్కపూట ఇంటిపట్టున ఉండల్యా. సచ్చినంకైనా నా కండ్ల ముందర ఉండనీ అని."

"మరి సాయంత్రం చెప్పల్యా?" అన్నది దేవమ్మ.

"కారు ఇస్తావా అని అడిగినావు గాని, కడుపులో ఏముందని నువ్వు అడగల్యా."

శాంసన్ చువ్వకు గుడ్డ చుట్టి లోపల అంటిన బెల్లమంతా తుడిచాడు. పానా తిప్పాడు. ఒక చుట్టు. రెండు చుట్లు. ఎక్కడా ఆగలేదు. విప్పినవన్నీ బిగించి, పెట్రోలు పోసి తాళం తిప్పాడు. కారు దగ్గింది, తుమ్మింది, అందుకుంది. షెడ్డంతా పొగ. కాలిన బెల్లం వాసన ముగ్గురికీ తగిలింది.

"ఆళ్లగడ్డ దాకా పోయి చూద్దాం," అన్నది దేవమ్మ, స్టీరింగు ముందు కూర్చుంటూ.

కమలాక్షమ్మ అడక్కుండానే ముందు తలుపు తీసుకుని ఎక్కింది. "ఈ సీట్లో నన్నెప్పుడూ కూర్చోబెట్టల్యా," అని తాయెత్తు ముడేసుకున్న కొంగు సర్దుకుంది. శాంసన్ సంచితో సహా వెనక సీట్లో వాలాడు. కారు గేటు దాటింది, రోడ్డెక్కింది. చల్లటి గాలి. శాంసన్‌కు తన భయం మీద తనకే నవ్వొచ్చింది. కాళ్లు చాపుకుని సీటు మధ్యలో హాయిగా సర్దుకున్నాడు.

కమలాక్షమ్మ వెనక్కి తిరిగింది. అతన్ని చూడలేదు. అతని పక్కనున్న ఖాళీని చూసింది.

"రోంత జరుగప్పా," అన్నది. "ఆయప్పకు ఇరుకైతాంది."

శాంసన్ జరిగాడు.