చుక్క తడి లేని పడవ

కలువకొలను రాజ్యంలో పెద్ద సరస్సు ఉంది. ఏడాదిగా అందులో ఒక్క పడవా తిరగలేదు.

రాజుగారి విహారనౌకకు ఏటా బంగారు పూత పూసేవారు. "నీరు దూరకుండా పలకల సందుల్లో గుగ్గిలం పట్టించాలి ప్రభూ" అని నౌక నడిపే పోలయ్య మూడేళ్లు మొరపెట్టుకున్నాడు. "ఏడాదికోసారి షికారుకు పోయే నౌకకు అంత హంగామానా?" అని రాజు కొట్టిపారేశాడు. నాలుగో ఏడు నడి సరస్సులో నౌక అడుగు నుంచి నీరు చిమ్మింది. నీరు కారే పడవలన్నీ తనవేననే జలభూతం, నౌకలో ఉన్న చిన్నారి రాకుమారి హైమవతినీ పోలయ్యనూ సరస్సు నడుమ దీవిలో శిలలుగా మార్చేసింది. చుక్క తడి లేని పడవలో వచ్చినవారికే వాళ్లను వదులుతానంది.

పోలయ్య కూతురు నూకాలు కన్నీళ్లు తుడుచుకుని తండ్రి పాత పడవను బోర్లించింది. ఎండాకాలమంతా సందుల్లో నూలు దట్టించి, గుగ్గిలం కాచి పోసింది. పలకలు ఉబ్బి సందులు మూసుకునేందుకు మూడు రోజులు నీళ్లలో నానబెట్టింది. రెండో జత తెడ్లు కట్టింది.

"ఒక్క రోజు పయనానికి ఇన్నాళ్ల సింగారమేటే?" అని రేవులో ఆడవాళ్లు నవ్వారు.

"ఆ ఒక్క రోజు కోసమే అప్పా!" అంది నూకాలు.

దారిలో సుడిగాలి తెడ్డు విరిచింది. నూకాలు మరొకటి అందుకుంది. మొసలి తోకతో బాదితే పలక చెక్కుచెదరలేదు. దీవి దగ్గర జలభూతం పడవ లోపలి అడుగంతా నాకి చూసింది.

"చుక్క తడి లేదు! అయినా ఏడాదికి ఒక్కరినే వదులుతాను. ఎవరు కావాలే పిల్లా?"

"మా అయ్య!" అంది నూకాలు.

పోలయ్య శిల పెదవులు కదిలాయి. "తప్పమ్మా. పడవవాడు ఆఖర్న దిగాలి. పాపను తీసుకుపో."

గుండె చెరువై, వెనక్కి చూడలేక, నూకాలు రాకుమారితో ఒడ్డు చేరింది. రాజు చేతులు జోడించి ఏం కావాలని అడిగాడు.

"పడవలన్నిటి మీదా పెత్తనం ఇవ్వండి. నేను సరేననందే ఏదీ నీళ్లలో దిగకూడదు."

మళ్లీ ఎండాకాలం వచ్చింది. "నిరుడే చేశావుగా?" అన్నవాళ్ల ఎదుటే నూకాలు పాత నూలంతా పీకేసి కొత్తది దట్టించింది. పక్కనే కూర్చుని రాకుమారి నూలు పేనింది.

ఈసారీ జలభూతం నాలుకకు తడి తగల్లేదు. పోలయ్య లేచి వచ్చాడు. జుట్టు ముగ్గుబుట్ట అయింది. మరో ఏడాది శిలగా ఉన్నందుకు కుడిచెయ్యి మణికట్టు దాకా రాయిగానే మిగిలింది. అతను పడవలో కూర్చుని, ఎడంచేత్తో పలకలన్నీ తడిమాడు.

"ఈ మూల ఇంకాస్త దట్టించాల్సిందమ్మా."

"అలాగే అయ్యా" అంటూ, నూకాలు ఆ రాతిచేతిని ఒళ్లోకి తీసుకుని భోరుమంది.