హౌస్ పోయిన అబ్బాయి

మిల్టన్ నుంచి టొరంటో వెళ్ళే పొద్దుటి గో ట్రైన్‌లో పై అంతస్తు క్వైట్ జోన్. అక్కడ తుమ్మినా నాలుగు తలలు ఇటు తిరుగుతాయి. అలాంటి చోట మధుమిత ఎదురు సీటులోని అబ్బాయి, చుట్టూ తెలుగు తెలిసినవాళ్ళు ఎవరుంటారులే అన్న ధీమాతో ఫోన్‌లో గొంతు పెంచేశాడు.

"హౌస్ పోయినట్టేరా! నిన్నటి సంది లెక్కలేస్తున్న. ఎటు చూసినా పోతది. ఇగ ఆశ పెట్టుకునుడు వేస్ట్."

మధుమిత మందలించడానికే నోరు తెరిచింది. కానీ ఆ మాట విన్నాక మనసొప్పలేదు. కట్టకముందే టౌన్‌హౌస్ బుక్ చేసుకుని, తీరా తాళాలు చేతికొచ్చే వేళకి లోన్ రాక వదులుకున్నవాళ్ళు ఆ ఊళ్ళో ఆమెకు తెలిసినవాళ్ళే ఉన్నారు. పైగా అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

బ్యాగ్‌లోంచి టిష్యూ తీసి అందించింది. "ఇది క్వైట్ జోన్ అండీ. అయినా పర్లేదు. ధైర్యంగా ఉండండి."

అతను అయోమయంగా టిష్యూ అందుకుని, దాంతో కళ్ళజోడు తుడుచుకుని, "థాంక్సండీ" అన్నాడు.

ఆ సాయంత్రం వంటింట్లో తల్లికి చెప్పింది. "పాపం అమ్మా, ట్రైన్‌లో ఒక తెలుగబ్బాయి. ఇల్లు పోయిందట. ఏడ్చినట్టున్నాడు."

"అయ్యో, ఏ తల్లి కన్నబిడ్డో!" అంది సుగుణ. ఇల్లు అన్నమాట ఆమెకు గుండెలో తగులుతుంది. కెనడా వచ్చిన కొత్తలో ఆమె కాపురమంతా అద్దె బేస్‌మెంట్లలోనే గడిచింది. ఆ సాయంత్రం దీపం పెట్టినప్పటి నుంచి, ఆమె రోజూ పెట్టుకునే దణ్ణంలో ఆ ముక్కూ మొహం తెలియని అబ్బాయికీ ఒక వాటా చేరింది.

మర్నాడు అదే రైల్లో అతనే వచ్చి పలకరించాడు. పేరు ప్రజ్వల్, ఊరు నిజామాబాద్.

"మీ హౌస్ సంగతి ఏమైనా తేలిందా?" అని గుసగుసగా అడిగింది మధుమిత.

"ఏ హౌస్?"

"అదే... పోయిందన్నారుగా."

"అదా! అది అమెరికా హౌస్ అండీ, వాళ్ళ పార్లమెంటుల కింది సభ! నవంబర్‌ల వాళ్ళకు మిడ్‌టర్మ్ ఎలక్షన్స్ ఉన్నయ్. ఏ పార్టీకి ఎన్ని సీట్లొస్తయో అంచనాలేసే కంపెనీల పన్జేస్త."

"మరి ఏడ్చారు?"

"పుప్పొడి అలర్జీ అండీ!"

మధుమితకు నవ్వు ఆగలేదు. ఎంత గట్టిగా నవ్విందంటే, ఈసారి తలలన్నీ ఆమె వైపే తిరిగాయి. ఇద్దరూ బ్యాగులు సర్దుకుని కింది అంతస్తుకు దిగిపోయారు. ఆ వేసవంతా మళ్ళీ పైకి ఎక్కలేదు. తల్లికి అసలు సంగతి చెప్పాలన్న మాట కూడా ఆ నవ్వుల్లోనే కొట్టుకుపోయింది.

కింది అంతస్తులో మాటలకు అడ్డేముంది? "ఎవరు గెలుస్తారు, చెప్పు" అని ఆమె ఆటపట్టించేది. మీరు కాస్తా నువ్వు అయిపోయింది.

"గెలుస్తరని చెప్పం. అవకాశం ఎక్కువుందని చెప్తం. రూలింగ్ పార్టీకి మిడ్‌టర్మ్స్ కలిసిరావు. రిపబ్లికన్లకు హౌస్ కష్టమే అనిపిస్తుంది. సెనేట్ చెప్పలేం."

"అంటే రైట్ అయితే నీ గొప్ప, రాంగ్ అయితే నీ తప్పు కాదు. భలే ఉద్యోగం!"

"మా మేనేజర్ గిట్ల వింటే నిన్నే తీసుకుంటడు."

అతను నవ్వినప్పుడు ఎడమ చెంప మీద చిన్న సొట్ట పడేది. అది చూడడానికే ఆమె ఎన్నికల మీద ప్రశ్నలు వెతుక్కునేది. అమెరికాలో ఎవరు గెలిస్తే తనకేంటి! తనకు ఇతను కావాలి. ఆ మాట మాత్రం నోరు దాటేది కాదు.

దానికి కారణముంది. సుగుణ పెట్టిన షరతు ఒక్కటే: సొంత ఇల్లున్న అబ్బాయి. మార్కమ్‌లో హేమచంద్ర అని ఒక సంబంధం చూసి పెట్టింది. రెండు కార్లు పట్టే గరాజ్ అట. అబ్బాయి గురించి చెప్పిన దానికంటే గరాజ్ గురించే ఎక్కువ చెప్పింది.

సెప్టెంబర్‌లో ఒక సాయంత్రం స్టేషన్ బయట వాన. ఒకే గొడుగు కింద ఇద్దరూ కారు దాకా నడిచారు. మధుమిత ఆ సంబంధం సంగతి చెప్పింది. ప్రజ్వల్ గొడుగు ఆమె వైపే వంచాడు, తన భుజం పూర్తిగా తడిసిపోయింది.

"నాకు నువ్వంటే చాలా ఇష్టం మధూ," అన్నాడు చివరికి. "గానీ నాకు ఇల్లు లేదు. ఇంకో ఇద్దరితోటి బేస్‌మెంట్‌ల ఉంటున్న."

"నాకూ నువ్వంటేనే ఇష్టం," అంది మధుమిత. అనేశాక ఒళ్ళంతా తేలికైపోయింది. "ఒక ఆదివారం భోజనానికి రా. నీ ఉద్యోగం సంగతి విని నాన్న నిన్ను చూడాలంటున్నారు."

తండ్రి అమరేశ్వరరావు గారు పిలిచింది అల్లుడి కోసం కాదు. రిటైరైన ఇంజినీర్లు కొందరు శనివారం శనివారం కాఫీ దుకాణంలో చేరి అమెరికా ఎన్నికల మీద కొట్టుకుంటారు. అక్కడ ఒక్కరికీ ఓటు లేదు, ఆవేశం మాత్రం అందరికీ ఉంది. లెక్కలు తెలిసిన కుర్రాడు దొరికితే వాదనలో తన పక్షం బలపడుతుందని ఆయన ఆశ.

అక్టోబర్‌లో ఒక ఆదివారం ప్రజ్వల్ వచ్చాడు. రైల్లో పరిచయమైన స్నేహితుడని మాత్రమే తల్లికి చెప్పింది మధుమిత. గుత్తివంకాయ కూర, మామిడికాయ పప్పు వడ్డన మొదలైంది.

"ఏం బాబూ, హౌస్ సంగతి ఏమంటావు? పోతుందా, నిలుస్తుందా?" అన్నారు అమరేశ్వరరావు గారు ముద్ద కలుపుతూ.

"పోయేటట్టే ఉందంకుల్."

సుగుణ చేతిలో గరిటె ఆగింది. రైలు, హౌస్... ఆ అబ్బాయి ఇతనే!

"ఇంకా పూర్తిగా పోలేదా నాయనా?"

"లేదాంటీ. నవంబర్ దాకా టైముంది."

"బ్యాంకు వాళ్ళతో మాట్లాడావా?"

ఎన్నికల చందాల గురించి అడుగుతున్నారనుకున్నాడు ప్రజ్వల్. "బ్యాంకులోళ్ళు రెండు పార్టీలకూ ఇస్తరాంటీ. వాళ్ళ జాగ్రత్తల వాళ్ళుంటరు."

"అవునవును, కొనేవాళ్ళకీ వాళ్ళే, అమ్మేవాళ్ళకీ వాళ్ళే. మరి పోతే ఎలా?"

"పోతే ఏమైతదాంటీ? రెండేళ్ళల్ల మళ్ళ తెచ్చుకోవచ్చు. ఇదివరకు ఎన్నిసార్లు పోలేదు, ఎన్నిసార్లు రాలేదు!"

సుగుణ కళ్ళు చెమ్మగిల్లాయి. అడక్కుండానే అతని కంచంలో ఇంకో రెండు వంకాయలు పడ్డాయి. ఎన్నడూ లేనిది భార్య రాజకీయాల మీద ఇంత ఆసక్తి చూపడం అమరేశ్వరరావు గారికి మహదానందంగా ఉంది. మధుమితకు మాత్రం పొలమారింది. తను తల్లికి చెప్పడం మర్చిపోయిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్తే వెనకే సుగుణ వచ్చింది.

"నీకు ఇష్టమేనా ఈ అబ్బాయి?"

"అమ్మా, అది..."

"నీ మొహం చూస్తే తెలియడం లేదూ? ఇల్లు పోతున్నా ఆ నిబ్బరం చూడు! ఇలాంటివాడు ఇవాళ కాకపోతే రేపు మళ్ళీ కొంటాడు. హేమచంద్ర వాళ్ళకి వద్దని చెప్పేస్తాను."

మధుమిత కాళ్ళు నేల మీద నిలవలేదు. పెరుగు వడ్డించేలోపు ప్రజ్వల్‌ను ఇంటి వెనక చెక్క డెక్ మీదకి లాక్కెళ్ళి జరిగిందంతా చెప్పింది. అతను విరగబడి నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేశాడు.

"ఆంటీ నాకోసం దండం పెట్టుకుందా?"

"రోజూ! అందుకే ఇప్పుడే చెప్పొద్దు, ప్లీజ్. అమ్మ ఓకే అంది కదా. పెళ్ళయ్యాక నవ్వుకుంటూ చెబుదాం."

"తప్పు సమాచారం మీద పడ్డ ఓటు నాకొద్దు మధూ."

"పోతుంది ప్రజ్వల్! ఇప్పుడు చెబితే అంతా పోతుంది!"

"తెలుసు," అన్నాడు. అతని గొంతులో భయం ఉంది. అయినా తలుపు తీసుకుని లోపలికి నడిచాడు. ఆ క్షణంలో అతని మీద ఆమెకు ఎంత కోపం వచ్చిందో, అంత ప్రేమా వచ్చింది.

"ఆంటీ, పోవడానికి నాకసలు ఇల్లే లేదు," అన్నాడు ప్రజ్వల్ నిలబడే. "నేను చెప్పింది అమెరికా హౌస్ గురించి. మన లోక్‌సభ లాంటిది. నేనుండేది బేస్‌మెంట్‌ల, ఇంకో ఇద్దరితోటి. మధును పెళ్ళి చేసుకోవాలని ఉంది. గానీ మీకు తెలిసే ఒప్పుకోవాలె."

సుగుణ పెరుగు గిన్నె బల్ల మీద పెట్టింది. "అయితే ఇన్నాళ్ళూ నేను దణ్ణం పెట్టుకున్నది ఎవరికోసం?"

"రిపబ్లికన్ పార్టీ కోసం!" అని పగలబడి నవ్వారు అమరేశ్వరరావు గారు. భార్య చూసిన చూపుకి ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

మధుమిత కుర్చీ వీపు గట్టిగా పట్టుకుని నిలబడింది.

"మీ బేస్‌మెంట్‌కి కిటికీ ఉందా?" అని అడిగింది సుగుణ.

"చిన్నది ఉందాంటీ. గడ్డి కనబడతది."

"మంచు పడితే అదీ కనబడదు." ఆమె గొంతు మెత్తబడింది. "ఇది పుట్టింది అలాంటి గదిలో ఉన్నప్పుడే. అప్పుడు మీ అంకుల్‌కి ఇల్లుందా వాకిలుందా! ఆయన్ని చూసే కదా నేను విమానం ఎక్కాను."

అమరేశ్వరరావు గారు తలెత్తి భార్యను చూశారు. ఆ మాట ఆమె నోట వినడం ఆయనకూ అదే మొదలు.

సుగుణ గరిటె తీసుకుంది. "కూర్చో నాయనా, పెరుగు వేసుకోకుండానే లేచావు. ఉన్న ఇల్లు పోగొట్టుకున్నవాడికే పిల్లనిద్దామనుకున్నాను. ఏదీ పోగొట్టుకోనివాడికి ఇవ్వడానికి నాకేం?"