బల్ల కింద కూర్చున్నారు

మౌస్ చచ్చిపోయిందని నేను ఫోన్లో అరిస్తే మా తమ్ముడు ముందు పడీ పడీ నవ్వాడు.

"బోను పెట్టావా అక్కా?"

"ఒరేయ్, నాకిక్కడ ఒళ్ళు మండిపోతోంది. రాత్రికల్లా ప్రెస్సుకి పేజీలు పంపాలి. నీ జోకులు తర్వాత వెయ్యి."

వాడి ఉద్యోగం ఓ ఆఫీసులో కంప్యూటర్లు బాగుచెయ్యడం. బయటివాళ్ళకైతే "చెప్పండి సార్" అంటూ మర్యాదగా చేస్తాడు. నాకు చేసేటప్పుడు మాత్రం నా ప్రాణం తీసిగానీ చెయ్యడు. నా పని బడి పుస్తకాలకి పేజీలు పెట్టడం. బొమ్మ పట్టుకుని ఇటు లాగాలి, అక్షరాలు అటు జరపాలి. మౌస్ లేకపోతే నాకు చెయ్యి లేనట్టే. వారం నుంచీ అది అప్పుడప్పుడూ మొరాయిస్తోంది, ఇవాళ మధ్యాహ్నం నుంచీ అయితే పనిచేస్తూ చేస్తూ ఆగిపోతోంది. వైరు లేని మౌస్ కదా, దాని నెత్తిమీద చిన్న లైటుంటుంది. కనెక్షన్ ఉంటే పచ్చగా వెలుగుతుంది, పోతే ఎర్రగా కొట్టుకుంటుంది. ఆ ఎర్ర లైటు చూసీ చూసీ నా తల ప్రాణం తోకకొచ్చింది.

బయట పొద్దుటి నుంచీ వదలని వాన. సాయంత్రం ఐదుకే గదిలో లైటు వేసుకోవాల్సి వచ్చింది. మావారు డ్యూటీ మీద వేరే ఊళ్ళో ఉన్నారు. నాలుగేళ్ళ మా అమ్మాయి పక్క గదిలో పడుకుంది. దాన్ని మా తమ్ముడు చిట్టెలుక అని పిలుస్తాడు. కిందటేడు దానికి ఆయాసం వచ్చినప్పుడు రెండు చిన్న పెట్టెల జత కొన్నాం. ఒకటి దాని తల దగ్గర పెడితే, రెండోది నా దగ్గర దాని ఊపిరి వినిపిస్తుంది. ఆయాసం తగ్గింది. నా భయం తగ్గలేదు. పని చేసుకుంటున్నంతసేపూ ఆ ఊపిరి నా పక్కన వినబడుతూ ఉండాల్సిందే.

నిజానికి చిట్టెలుక చోటు నా బల్ల కింద. ఆ బల్ల మేము ఈ ఇంట్లో అద్దెకి దిగేసరికే ఉంది. గోడకి బిగించేసిన పొడుగాటి చెక్క. తీస్తే గోడ పాడవుతుంది, అలాగే ఉండనివ్వండి అన్నాడు ఇంటాయన. దిగిన రోజు నుంచీ చిట్టెలుక ఆ బల్ల కింద దిండేసుకుని, బొమ్మల్ని చుట్టూ పోసుకుని, నా పిక్కలకి వీపు ఆనించి ఆడుకునేది. వారం నుంచి రావడం మానేసింది. ఏమే, అలిగావా అని అడిగితే నా వెనక దాక్కుని చెప్పింది.

"నా చోట్లో కూర్చున్నారు కదమ్మా."

నాకు ముచ్చటేసింది. ఎందుకంటే దానికి మర్యాద నేర్పలేక చస్తున్నాను నేను. డాక్టరుగారిని పట్టుకుని "నువ్వు సూది వెయ్యకు" అంటుంది. ఇంటాయన్ని "నువ్వు పో" అంది ఓసారి, తలెత్తుకోలేకపోయాను. అందుకే రోజూ పాఠం చెప్పేదాన్ని. మనింట్లో వాళ్ళని నువ్వు అనొచ్చు తల్లీ, మనవాళ్ళు కదా. బయటివాళ్ళని, పెద్దవాళ్ళని మీరు అనాలి. రండి, కూర్చోండి అనాలి. ఇదిగో, ఇప్పుడు తన చోట్లో కూర్చోబెట్టిన ఎలుగుబంటి బొమ్మక్కూడా మర్యాద ఇచ్చేస్తోంది అనుకున్నాను. ఫోన్ చేసి మరీ మావారికి చెప్పి నవ్వుకున్నాను.

"మౌస్‌లో సెల్లు మార్చావా?" అన్నాడు తమ్ముడు.

"రెండుసార్లు."

"అయితే రిసీవర్ తీసి మళ్ళీ పెట్టు. సీపీయూ వెనక గోరంత ముక్క గుచ్చి ఉంటుంది చూడు. మౌస్ చెప్పేది దానికే వినిపిస్తుంది."

సీపీయూ డబ్బా బల్ల కింద మూలగా, నేలమీద ఉంటుంది. ఫోన్ స్పీకర్లో పెట్టి, కుర్చీ వెనక్కి జరిపి, వంగి చెయ్యి చాపాను. ఫ్రిజ్ తలుపు తీసినట్టు చల్లగా తగిలింది. సరిగ్గా ఆరకముందే మడతపెట్టేసిన బట్టల వాసన వచ్చింది. వాన కదా, గోడ చెమ్మ పట్టి ఉంటుందనుకున్నాను. ముక్క తీశాను, మళ్ళీ పెట్టాను. లైటు పచ్చగా వెలిగింది. ఓ పేజీ సగం సర్దానో లేదో... ఎరుపు.

"మీ ఆయన మౌస్ ఉందిగా, అది పెట్టి చూడు."

అదీ పెట్టాను. దానికీ ఇదే రోగం.

"రెండూ ఒకేసారి చెడిపోవు. మౌస్ తప్పు కాదన్నమాట. పక్కన వైర్లు లేనిది ఇంకేమైనా ఉందా?"

"చిట్టెలుక పెట్టె ఉంది."

"కాసేపు ఆపు. ఒక్కోసారి ఇలాంటివి రెండూ ఒకదాని మాటకి ఒకటి అడ్డం పడుతుంటాయి."

ఆ పెట్టె ఆపడానికి నాకు మనసొప్పలేదు. పిల్ల పక్క గదిలోనే ఉంది, మధ్యలో ఒక్క గోడ. కాసేపే కదా అనుకుని మీట నొక్కాను. ఊపిరి ఆగిపోయింది. అంటే, పెట్టెలోంచి వచ్చే ఊపిరి. అప్పటిదాకా గది నిండా అదే ఉందని అది పోయాక గానీ తెలియలేదు. వాన చప్పుడొక్కటే మిగిలింది.

లైటు కాసేపు పచ్చగా ఉంది. మళ్ళీ ఎరుపు.

"లాభం లేదురా."

"అయితే మధ్యలో ఏదో అడ్డం ఉండాలి. బల్ల కింద ఏమున్నాయి? ఇనప సామానా, నీళ్ళ క్యానా?"

"ఖాళీగా ఉందిరా బాబూ."

"నీ కాళ్ళు?"

"కుర్చీలోనే మడిచి పెట్టుకున్నా. కింద ఒకటే చలి."

"చిట్టెలుక దూరిందేమో చూడు. మనిషి అడ్డం కూర్చున్నా అంతే అక్కా. ఒంటినిండా నీళ్ళే కదా, సిగ్నల్ దాటదు. మా ఆఫీసులో ఒకాయన బొజ్జ అడ్డమొచ్చి మౌస్ ఆగిపోయేది తెలుసా?"

వాడు నవ్వుతున్నాడు. నాకు నవ్వు రాలేదు.

నా చోట్లో కూర్చున్నారు కదమ్మా.

ఛీ, నా మొహం. చంటిపిల్ల మాట పట్టుకుని భయపడతానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. కుర్చీ పక్కకి నెట్టి మోకాళ్ళమీద కూర్చుని, ఫోన్ టార్చి వేసి బల్ల కిందకి చూశాను. సీపీయూ, వైర్లు, చిట్టెలుక దిండు. ఇంకేమీ లేదు. దాని బొమ్మలు మాత్రం గోడవారగా, ఒకదాని పక్కన ఒకటి, వరసగా సర్ది ఉన్నాయి. నా కూతురు పుట్టి బుద్ధెరిగాక ఒక్క బొమ్మ సర్దలేదు.

మౌస్ చేతిలోనే ఉంది. ఎందుకు చేశానో తెలియదు, దాన్ని సీపీయూకి ఎదురుగా, నేలకి దగ్గరగా పట్టుకుని మెల్లగా జరిపాను. పచ్చ. పచ్చ. దిండు ముందుకొచ్చేసరికి ఎరుపు. దిండు దాటాక పచ్చ. కొంచెం పైకెత్తి మళ్ళీ జరిపాను. ఎరుపు ఇంకాస్త ముందుకొచ్చింది, ముడుచుకున్న మోకాళ్ళంత ఎత్తులో. ఇంకా పైన ఎరుపు వెడల్పయింది. భుజాల వెడల్పు. ఆ పైన, బల్ల చెక్కకి ఆనుకుని, గుండ్రంగా... ఓ చోట... ఒక పక్కకి వాలి ఉంది. చెక్క తగులుతుందని మెడ వంచుకున్నట్టు.

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. లైటు ఎర్రగా కొట్టుకుంటోంది.

"అక్కా? ఉన్నావా?"

"ఉష్... మాట్లాడకు."

"ఏమైంది?"

"ఇక్కడ... తల ఉంది."

"ఎవరి తల?"

లైటు ఆగి ఆగి కొట్టుకుంటోంది. నా చెయ్యి కదల్లేదు. ఒట్టేసి చెబుతాను, కదల్లేదు. అయినా లైటు పచ్చగా మారిపోయింది.

తల ఉన్నచోట పచ్చ. భుజాలున్నచోట పచ్చ. ఆత్రంగా అటూ ఇటూ తిప్పాను. దిండు మీద కూడా పచ్చే. బల్ల కింద ఎక్కడా ఏమీ లేదు. తడిబట్టల వాసన ఒక్కసారి నా చెంప పక్కనుంచి వెళ్ళింది. తర్వాత ఆ వాసన కూడా లేదు.

"అక్కా, మాట్లాడు. కనెక్షన్ వచ్చిందా?"

"వచ్చింది... పచ్చగా ఉంది."

"హమ్మయ్య! అడ్డం తొలిగిందన్నమాట."

తొలిగింది. తొలిగి ఎటు పోయింది?

లేచేటప్పుడు తల బల్లకి కొట్టుకున్నా పట్టించుకోకుండా పెట్టె అందుకుని మీట నొక్కాను. ఊపిరి రాలేదు. దానికీ ఎర్ర లైటే. కీచుమని చప్పుడు. కొన్ననాటి నుంచీ ఆ గోడ అవతల్నుంచి ఒక్కరోజు కూడా తెగని పెట్టె. గట్టిగా కుదిపాను. ఇంకోసారి నొక్కాను. బరబరమని ఓ శబ్దం వచ్చింది, దాని మధ్యలోంచి నా కూతురి గొంతు, నిద్రమత్తుగా, మెల్లగా...

"మీరు ఇటు పడుకోండి. నేను జరుగుతాను."

మళ్ళీ తెగిపోయింది.

ఇన్నాళ్ళూ బతిమాలి, బుజ్జగించి నేర్పిన మర్యాద. ఆ "మీరు" వినగానే పెట్టె అక్కడే పడేశాను. ఎలా పరిగెత్తానో నాకు గుర్తులేదు. పక్క గది తలుపు తోశాను. చిట్టెలుక మంచానికి ఆ చివర, గోడకి అతుక్కుపోయి పడుకుని ఉంది. మంచం మధ్యలో నిద్రపోయే పిల్ల, కాళ్ళూ చేతులూ నలువైపులా విసిరేసే పిల్ల, అంత ఇరుకులో నిటారుగా పడుకుంది. మిగతా మంచమంతా ఖాళీ. దాని కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూసి పెదాలమీద వేలు పెట్టుకుంది.

"అమ్మా, మెల్లగా... ఇప్పుడే పడుకున్నారు."

గదిలో ఆరని బట్టల వాసన.

ఆ ఖాళీ మీదుగా చేతులు చాపడానికి నాకు ధైర్యం చాల్లేదు. మంచం కాళ్ళవైపు నుంచి పాకి, పిల్లని నా వైపు లాగేసుకుని, చెప్పులు కూడా లేకుండా వాకిట్లోకి వచ్చిపడ్డాను. నా ఫోన్ బల్ల కిందే ఉండిపోయింది, పక్కింటివాళ్ళ ఫోన్ నుంచి తమ్ముడికి చేసి రమ్మన్నాను. కారణం అడగొద్దన్నాను. వాడు అడగలేదు. నా గొంతు వినే బయల్దేరి ఉంటాడు.

కారొచ్చేదాకా వాన జల్లులో, పిల్లని చీర కొంగులో చుట్టుకుని నిలబడ్డాను. ప్రెస్సుకి పేజీలు వెళ్ళలేదు, నా ఉద్యోగం ఏమైతే అదే అవుతుంది అనుకున్నాను. నా పిల్ల నా చేతుల్లో ఉంది. ఒళ్ళు వెచ్చగా ఉంది, ఊపిరి బాగా ఆడుతోంది. అంతకంటే నాకేమీ అక్కర్లేదు.

వెనక సీట్లో దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని కూర్చున్నాను. తమ్ముడు తన ఫోన్ ఇచ్చి "బావతో మాట్లాడు" అన్నాడు. మాట్లాడాను. ఏం చెప్పానో, ఆయనకి ఏం అర్థమైందో. ఫోన్ నా పక్కనే సీటు చివర పెట్టేశాను. ఇల్లు వెనకబడి, వీధి మలుపు తిరిగి, పెద్ద రోడ్డెక్కాక నాకు ప్రాణం లేచొచ్చింది. ఏడుపు తన్నుకొచ్చింది. వాడు అద్దంలోంచి చూసి చూడనట్టు ఊరుకున్నాడు.

"ఏమే చిట్టెలుకా, మావయ్య పాట పెట్టనా?"

అది తల ఊపింది. స్టీరింగు పక్కన ఏదో నొక్కాడు. నా పక్కనున్న ఫోన్లోంచి కారు స్పీకర్లలోకి పాట వచ్చింది. దానికి ఇష్టమైన కాకి పాట. వానలో, దీపాల వెలుతురులో, ఆ పాట వింటూ చాలా దూరం వెళ్ళాం. నేను కూడా పాడాను కాస్త.

పాట తెగింది.

వచ్చింది. మళ్ళీ తెగింది.

"అక్కా, ఫోన్ ఎక్కడ పెట్టావ్?"

"ఇక్కడే. సీటు మీద."

"మరి ఇంత దగ్గర్నుంచి ఎందుకు..."

అద్దంలో వాడి కళ్ళు నావైపు తిరిగాయి, ఆ తర్వాత నా పక్క సీటు వైపు. కారు నెమ్మదించింది.

నా ఒళ్ళో చిట్టెలుక కదిలింది. సీటు మీదకి చాపుకున్న కాళ్ళని వెనక్కి తీసుకుని, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుంది.

"చలేస్తోందా తల్లీ?" అన్నాను.

అది నావైపు చూడలేదు. సీటు ఆ చివరకి చూస్తూ, రోజూ నన్నూ వాళ్ళ నాన్ననీ అడిగినట్టే, గారాబంగా అడిగింది.

"ఇప్పుడు చోటు సరిపోయిందా నీకు?"

మనవాళ్ళనైతే అలా అనొచ్చని నేర్పింది నేనే.

పాట మళ్ళీ రాలేదు...